మండల కౌంటర్ నుంచి డేటా సెంటర్ దాకా: ప్రభుత్వ అప్లికేషన్‌కు సర్వర్లు, నెట్‌వర్క్ ప్లాన్ చేసే పద్ధతి

రాష్ట్రమంతటా కుల, ఆదాయ ధ్రువపత్రాలు జారీ చేసే అప్లికేషన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దరఖాస్తు గ్రామ సచివాలయంలోనో మీ సేవ కేంద్రంలోనో ఎక్కుతుంది. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారణ నివేదిక జోడిస్తారు, తహసీల్దార్ డిజిటల్ సంతకం పెడతారు. సర్వర్లు స్టేట్ డేటా సెంటర్‌లో ఉంటాయి. వీటన్నిటినీ కలిపేది స్వాన్ అని పిలిచే రాష్ట్ర నెట్‌వర్క్. అది చేరని చోట మామూలు బ్రాడ్‌బ్యాండ్.

చాలా శాఖలు ముందుగా సర్వర్ల జాబితా రాసి డేటా సెంటర్‌కు పంపేస్తాయి. నిజానికి అది వరుసలో చివరిది. మొదట రద్దీ లెక్క, తర్వాత ఎవరు ఎవరితో ఏ పోర్టులో (ఒక్కో సేవకు నంబరుతో ఉండే ద్వారం) మాట్లాడాలో చెప్పే పట్టిక, దాని నుంచి ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) విభజన. ఈ మూడూ కుదిరాక సర్వర్ల సంఖ్య దానంతటదే తేలుతుంది. వరుస తప్పితే ఏం జరుగుతుందో ఈ రంగంలో ఉన్నవారికి తెలుసు: ప్రారంభోత్సవం వారంలో ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ కాపలా) తెరవమనే అభ్యర్థనలు ఒక్కొక్కటిగా బయటపడతాయి, ఒక్కోదానికీ ఒక్కో ఆమోదం కోసం ఎదురుచూడాలి.

రద్దీ లెక్క

సగటు రోజును చూసి సైజు వేయకండి. ధ్రువపత్రాల రద్దీ జూన్, జూలై అడ్మిషన్ల కాలంలో వస్తుంది. కౌన్సెలింగ్‌కో స్కాలర్‌షిప్‌కో ఆఖరు తేదీ ఉన్న రోజు ఉదయం 11 నుంచి 1 గంట వరకు ఎంత వస్తుందో దానికే సిద్ధం కావాలి.

లెక్క కోసం ఆ వేళ 3,000 మంది ఆపరేటర్లు లాగిన్ అయి ఉన్నారనుకోండి. ఒక్కొక్కరు 20 సెకన్లకు ఒక పేజీ కదిలిస్తే సెకనుకు 150 పేజీలు. ఒక్కో పేజీ వెనక నాలుగు ఏపీఐ పిలుపులు (పేజీ సర్వర్‌ను సమాచారం అడగడం) ఉంటే సెకనుకు 600 అభ్యర్థనలు. ఒక్కోటి సగటున 0.2 సెకను తీసుకుంటే ఏ క్షణంలోనైనా 120 అభ్యర్థనలు సర్వర్లలో నడుస్తూ ఉంటాయి. దీనికి రెట్టింపు, అంటే సెకనుకు 1,200 తట్టుకునేలా డిజైన్ చేయండి. నాలుగు అప్లికేషన్ సర్వర్లు పెడితే ఒకటి పడిపోయినా మిగతా మూడూ ఆ బరువు మోయాలి కాబట్టి ఒక్కో సర్వర్ సెకనుకు 400 అభ్యర్థనలు తట్టుకుంటుందని లోడ్ టెస్ట్‌లో రుజువు కావాలి. 300 కాదు.

నిల్వ లెక్కలో అసలు బరువు స్కాన్ కాగితాలదే. ఒక్కో ఆపరేటర్ రోజుకు 10 దరఖాస్తులు, ఒక్కోదానికి 300 కేబీ జోడింపులు నాలుగు. మొత్తం రోజుకు 36 జీబీ. 250 పనిదినాలకు 9 టీబీ. వీటిని డేటాబేస్ పట్టికల్లో దాచకండి. బ్యాకప్ రాత్రంతా నడిచినా ముగియదు, పునరుద్ధరణ అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. ఫైళ్లు ఆబ్జెక్ట్ స్టోరేజీలో (ఫైళ్ల కోసమే ఉండే నిల్వలో), వాటి చిరునామా, హ్యాష్ విలువ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్య) డేటాబేస్‌లో ఉండాలి.

పోర్టుల పట్టిక

ఈ పట్టికకు ఎనిమిది గళ్లు చాలు: ఎక్కడి నుంచి, ఎక్కడికి, పోర్టు, ప్రోటోకాల్, ఎవరు మొదలుపెడతారు, ఎందుకు, శాశ్వతమా తాత్కాలికమా, బాధ్యులు ఎవరు. ఆఖరి రెండు గళ్లు లేని పట్టికలే తర్వాత తలనొప్పి తెస్తాయి. డేటా తరలింపు కోసం నెలకని తెరిచిన పోర్టు, ఎవరి పేరూ లేనందువల్ల ఏళ్ల తరబడి తెరిచే ఉంటుంది.

మన ఉదాహరణలో కనీసం ఇవి ఉండాలి. ప్రజలు, ఆపరేటర్ల నుంచి లోడ్ బ్యాలెన్సర్‌కు (రద్దీని సర్వర్లకు పంచేది) 443. అక్కడి నుంచి డీఎంజెడ్‌లోని (బయటివారికి కనబడే నెట్‌వర్క్ భాగం) రివర్స్ ప్రాక్సీకి (అభ్యర్థనలు అందుకుని లోపలికి పంపే సర్వర్) 443. ప్రాక్సీ నుంచి అప్లికేషన్‌కు 8443. అప్లికేషన్ నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు 5432, సెషన్లు దాచే రెడిస్‌కు 6379, ఆబ్జెక్ట్ స్టోరేజీకి 443. అడ్మినిస్ట్రేటర్లు బాస్టియన్ అనే ప్రవేశ సర్వర్‌కు మాత్రమే వస్తారు, అక్కడి నుంచే మిగతా వాటికి 22. అన్ని సర్వర్ల నుంచి గడియారాలు సరిచేసుకోవడానికి యూడీపీ 123, లాగ్ (జరిగినవాటి రికార్డు) సర్వర్‌కు 6514, పేర్లను ఐపీలుగా మార్చే డీఎన్ఎస్‌కు 53. ఈ 53ను యూడీపీతో పాటు టీసీపీలోనూ (రెండూ డేటా పంపే ప్రోటోకాల్‌లు) అడగండి. జవాబు పెద్దదైతే డీఎన్ఎస్ టీసీపీకి మారుతుంది. అది మూసి ఉంటే కొన్ని పేర్లు దొరుకుతాయి, కొన్ని దొరకవు, కారణం మాత్రం అంతుపట్టదు.

డీఎంజెడ్ నుంచి డేటాబేస్‌కు నేరుగా ఒక్క పోర్టు కూడా వద్దు. డేటాబేస్ నుంచి ఇంటర్నెట్‌కు అసలే వద్దు. ప్యాచ్‌ల కోసం లోపలే ఒక రిపాజిటరీ మిర్రర్ (సాఫ్ట్‌వేర్ నిల్వకు నకలు) పెట్టుకోండి.

అప్లికేషన్‌కూ డేటాబేస్‌కూ మధ్య ఫైర్‌వాల్ ఉన్నప్పుడు ఒక చిక్కు ఉంది. కదలిక లేని కనెక్షన్లను ఫైర్‌వాల్ కొంతసేపటికి తన పట్టిక నుంచి తీసేస్తుంది. అప్లికేషన్‌కు ఆ సంగతి తెలియదు. లంచ్ తర్వాత మొదటి ఆపరేటర్ బటన్ నొక్కగానే పేజీ తిరుగుతూ ఉండిపోతుంది. లినక్స్‌లో టీసీపీ కీప్‌అలైవ్ (కనెక్షన్ బతికే ఉందని చెప్పే) మొదటి సంకేతం 7,200 సెకన్లకు గాని వెళ్లదు, ఫైర్‌వాల్ అంతకాలం ఆగదు. దాన్ని 300కు తగ్గించి, కనెక్షన్ పూల్‌లో (ముందే తెరిచి ఉంచే కనెక్షన్ల సమూహం) కనెక్షన్ గరిష్ఠ ఆయుష్షును ఫైర్‌వాల్ గడువు కన్నా తక్కువ పెట్టండి. ఆ గడువెంతో డేటా సెంటర్ బృందాన్ని అడిగి పట్టికలోనే రాసుకోండి.

ఐపీ విభజన

డేటా సెంటర్ మీకు 10.20.30.0/24, అంటే 256 చిరునామాలు ఇచ్చిందనుకుందాం. దాన్ని 64 చిరునామాల చొప్పున నాలుగు /26 ముక్కలు చేయండి: 0 నుంచి డీఎంజెడ్, 64 నుంచి అప్లికేషన్, 128 నుంచి డేటాబేస్, 192 నుంచి మేనేజ్‌మెంట్. ఒక్కో ముక్కలో 62 చిరునామాలు వాడుకోవచ్చు. అందులో రెండు రూటర్లకు, వాటి ఉమ్మడి చిరునామాకు కలిపి మూడు పోతాయి. బ్యాకప్ ట్రాఫిక్‌కు వేరే వీలాన్ (విడిగా ఉంచిన నెట్‌వర్క్ భాగం) ఉండాలి, దానికి బయటికి రూటింగ్ ఉండకూడదు. స్టేజింగ్‌కు (విడుదలకు ముందు పరీక్షించే వ్యవస్థకు) పూర్తిగా వేరే /24 అడగండి.

డీఆర్ సైట్‌కు (విపత్తులో పని నడిపే రెండో కేంద్రానికి) కూడా ఇదే నమూనా వాడి ఒక్క అంకె మాత్రమే మార్చండి. ఇక్కడ 10.20.30.71 ఉన్న అప్లికేషన్ సర్వర్‌కు అక్కడ జోడీ 10.20.130.71. విపత్తు రాత్రి పట్టిక వెతక్కుండా పని నడుస్తుంది. కాన్ఫిగరేషన్ ఫైళ్లలో మాత్రం ఐపీలు రాయకండి, పేర్లే రాయండి.

ఇక కంటైనర్ల (అప్లికేషన్‌ను విడి పొట్లాలుగా నడిపే పద్ధతి) సంగతి. వాటిని నడిపే డాకర్ తనంతట తాను 172.17.0.0/16ను తీసుకుంటుంది. స్వాన్‌లో ఏదైనా జిల్లాకు అదే శ్రేణి ఉంటే ఆ జిల్లా నుంచి వచ్చిన అభ్యర్థనకు జవాబు బయటికి వెళ్లదు. సర్వర్ దాన్ని తన లోపలి వంతెన మీదకే పంపేస్తుంది. అన్ని జిల్లాల్లో బాగానే ఉండి ఒక్క జిల్లాలో సైట్ తెరుచుకోకపోతే ముందు చూడాల్సింది ఇదే. చాలా సర్వర్లలో కంటైనర్లను నిర్వహించే క్యూబర్నెటీస్‌ను క్యూబ్‌అడ్మిన్ అనే ఇన్‌స్టాల్ టూల్‌తో ఏమీ మార్చకుండా పెడితే సర్వీసులకు 10.96.0.0/12, అంటే 10.96 నుంచి 10.111 వరకు మొత్తం ఆక్రమిస్తుంది. ఇన్‌స్టాల్ చేశాక మార్చడం కష్టం కాబట్టి, ఖాళీగా ఉందని స్వాన్ బృందం రాతపూర్వకంగా చెప్పిన శ్రేణిని ముందే తీసుకోండి.

సర్వర్లు

పై లెక్కకు సరిపడే ఆరంభ ప్రతిపాదన ఇది. రివర్స్ ప్రాక్సీలు రెండు, ఒక్కోటి 4 వీసీపీయూ (వర్చువల్ ప్రాసెసర్లు), 8 జీబీ మెమరీ. అప్లికేషన్ సర్వర్లు నాలుగు, ఒక్కోటి 8 వీసీపీయూ, 32 జీబీ. డేటాబేస్ సర్వర్లు మూడు, ఒక్కోటి 16 వీసీపీయూ, 128 జీబీ, 2 టీబీ ఎస్ఎస్‌డీ. రెడిస్‌కు 8 జీబీ మెమరీతో మూడు. బాస్టియన్లు రెండు, లాగ్ సర్వర్ ఒకటి. స్టేజింగ్‌లో ప్రతి రకానికీ కనీసం రెండు ఉండాలి. ఒకే అప్లికేషన్ సర్వర్ ఉన్న స్టేజింగ్‌లో సెషన్ తప్పులు ఎప్పటికీ కనబడవు.

అభ్యర్థన పత్రంలో రెండు వాక్యాలు తప్పక రాయండి. ఒకే రకం సర్వర్లు రెండు ఒకే భౌతిక హోస్ట్ మీద ఉండకూడదు. డేటాబేస్ మెమరీని పూర్తిగా రిజర్వ్ చేయాలి. మొదటిది రాయకపోతే మూడు డేటాబేస్ సర్వర్లూ ఒకే యంత్రం మీద ఉండే ప్రమాదముంది, ఆ యంత్రం ఆగితే మూడూ ఆగుతాయి.

డేటాబేస్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే సర్వర్లు పెంచితే వేగం పెరుగుతుందన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. గరిష్ఠ కనెక్షన్లు 200 అని పెట్టారు. నాలుగు అప్లికేషన్ సర్వర్లు, ఒక్కోదానికి 40 కనెక్షన్ల పూల్, మొత్తం 160. మిగతా 40 రెప్లికేషన్‌కు (డేటాను మరో సర్వర్‌కు నకలు చేయడం), బ్యాకప్‌కు, అడ్మిన్‌కు. జూన్‌లో రద్దీ చూసి ఇంకో రెండు సర్వర్లు కలిపారు. ఇప్పుడు 240. కొత్త సర్వర్లు పైకి రాగానే కనెక్షన్లు దొరక్క తప్పులు మొదలవుతాయి, పాతవి కూడా రీస్టార్ట్ చేస్తే లేవవు. పూల్‌ను ముందే 25కు దించితే ఆరు సర్వర్లకూ 150తో సరిపోతుంది. లేదా మధ్యలో కనెక్షన్లను పంచే పీజీబౌన్సర్ పెట్టండి.

మూడో డేటాబేస్ సర్వర్ విలాసం కాదు. సింక్రనస్ (నకలు పడిందని జవాబు వచ్చాకే ముందుకెళ్లే) రెప్లికేషన్‌కు ఒక్క స్టాండ్‌బై (ప్రధాన సర్వర్ స్థానంలోకి రాగల సర్వర్) మాత్రమే ఉంటే, అది ఆగిన క్షణం నుంచి ప్రధాన సర్వర్‌లో ప్రతి కమిట్ (మార్పును ఖాయం చేయడం) దాని జవాబు కోసం నిలిచిపోతుంది. రెండు స్టాండ్‌బైలు పెట్టి, ఏదో ఒకటి ఒప్పుకుంటే చాలు అనే పద్ధతి ఎంచుకోండి. మూడింటి మీదా ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ ఒక్కటే ఉండాలి. లినక్స్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీ 2.28 నుంచి అక్షర క్రమం మారింది. పాత ఆర్‌హెచ్ఈఎల్ (రెడ్ హ్యాట్ లినక్స్) 7 మీద ప్రధాన సర్వర్, ఆర్‌హెచ్ఈఎల్ 8 మీద స్టాండ్‌బై ఉంటే పేర్ల ఇండెక్స్ నిశ్శబ్దంగా చెడిపోతుంది, స్టాండ్‌బైకి మారిన రోజు ఉన్న వ్యక్తి పేరు వెతికితే దొరకదు.

తెలుగు ధ్రువపత్రాలకు ప్రత్యేకమైన సంగతి ఒకటి. పీడీఎఫ్ తయారయ్యేది సర్వర్‌లో కాబట్టి తెలుగు ఫాంట్ అక్కడ ఉండాలి, అదీ నాలుగింటిలోనూ ఒకే వెర్షన్. ఒక సర్వర్‌లో మరిచిపోతే నాలుగింట ఒక పత్రం డబ్బాలతో వస్తుంది. ఫాంట్ ఉన్నంత మాత్రాన సరిపోదు. పీడీఎఫ్ లైబ్రరీ హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజిన్ వాడకపోతే ఒత్తులు విడిపోతాయి. ‘కృష్ణ’, ‘లక్ష్మి’, ‘స్వర్ణ’, ‘జ్ఞాన’ అనే పేర్లతో పరీక్ష పత్రాలు ప్రతి సర్వర్ నుంచీ తీయించి కళ్లతో చూసి గాని ముందుకెళ్లకండి. మనిషి పేరు తప్పుగా అచ్చయిన పత్రాన్ని ఏ కాలేజీ తీసుకోదు.

మండలం వైపు

డేటా సెంటర్ లోపలి నుంచి చేసిన లోడ్ టెస్ట్ సగం నిజమే చెబుతుంది. మిగతా సగం కోసం ఒక మారుమూల మండలంలో కూర్చుని అదే పని చేయండి. 2 ఎంబీపీఎస్ లింక్ సెకనుకు 250 కేబీ మాత్రమే మోస్తుంది. మొదటి పేజీ 2.5 ఎంబీ ఉంటే ఒక్కరికే 10 సెకన్లు, ముగ్గురు ఒకేసారి తెరిస్తే అర నిమిషం. ఫోన్‌తో తీసిన 4 ఎంబీ ఫొటోలు నాలుగు, 512 కేబీపీఎస్ అప్‌లోడ్ లింక్ మీద వెళ్లడానికి నాలుగు నిమిషాలు దాటుతుంది. అంతసేపు ఒకే అభ్యర్థన తెగకుండా నడుస్తుందని నమ్మలేం. వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్‌లో అప్‌లోడ్ పరిమితి మార్చకపోతే 1 ఎంబీ దాటిన ఫైల్ 413 తప్పుతో తిరిగొస్తుంది. ఫొటోను బ్రౌజర్‌లోనే 300 కేబీకి కుదించి, ముక్కలుగా పంపి, తెగిన చోటు నుంచి కొనసాగేలా రాయించండి. ఈ ఒక్క పని అదనపు సర్వర్ల కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

లాగిన్ పేజీ వస్తుంది, చిన్న ఫారాలు వెళ్తాయి, ఫైల్ జోడిస్తే మాత్రం ఆగిపోతుంది. ఇది వీపీఎన్ మీద నడిచే కార్యాలయాల నుంచి వచ్చే ఫిర్యాదు, దాదాపు ఎప్పుడూ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) సమస్యే. వీపీఎన్ టన్నెల్‌లో 1,500 బైట్ల ప్యాకెట్ పట్టదు. ‘పెద్దదైంది, తగ్గించు’ అని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని ఏదో ఫైర్‌వాల్ ఆపేస్తుంది. రూటర్‌లో టీసీపీ ఎంఎస్ఎస్‌ను (ప్యాకెట్‌లో డేటా గరిష్ఠ సైజు) 1,360కి బిగించమని అడగండి, ఆ ఐసీఎంపీ రకాన్ని అనుమతించమని కూడా అడగండి.

స్వాన్ వినియోగదారులు పబ్లిక్ చిరునామాకు వస్తే వందలాది మంది ఒకే నాట్ ఐపీ (చాలామంది పంచుకునే చిరునామా) వెనక కనబడతారు. వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ వాళ్లందరినీ ఒక దాడిదారుగా లెక్కగట్టి జిల్లా మొత్తాన్ని ఆపేస్తుంది. అందుకే స్వాన్ నుంచి వచ్చేవారికి అంతర్గత చిరునామాను, ప్రజలకు బయటి చిరునామాను చూపే విధంగా డీఎన్ఎస్‌ను రెండుగా పెట్టండి. అంతర్గత దారిలో వేగ పరిమితిని ఐపీకి కాకుండా లాగిన్ ఖాతాకు కట్టండి.

బయటికి వెళ్లే దారులు

ఆధార్ ధ్రువీకరణ, ఎస్ఎంఎస్, చెల్లింపులు, డిజీలాకర్, ఈ-సైన్. ఇవన్నీ మీ సర్వర్ నుంచి బయటికి వెళ్లే పిలుపులు. చాలావరకు అవతలివాళ్లు మీ పబ్లిక్ ఐపీని తమ జాబితాలో చేర్చాకే స్పందిస్తారు. బయటికి వెళ్లేదంతా ఒకే ప్రాక్సీ ద్వారా, స్థిరమైన రెండు ఐపీలతో వెళ్లాలి. జాబితా కోసం రాసే మొదటి ఉత్తరంలోనే డీఆర్ సైట్ ఐపీలు కూడా ఇవ్వండి. డీఆర్‌కు మారాక అప్లికేషన్ లేస్తుంది, ఓటీపీ మాత్రం రాదు. కారణం ఈ ఒక్క పంక్తి మరిచిపోవడం.

తహసీల్దార్ సంతకాన్ని సరిచూసేటప్పుడు ఆ సర్టిఫికెట్ రద్దయిందా లేదా అని జారీ సంస్థ సర్వర్‌ను అడగాలి. ఆ చిరునామాలు పట్టికలో లేకపోతే ఒక్కో సంతకం టైమ్‌అవుట్ అయ్యేదాకా వేచి చూస్తుంది. ఆధార్ సంఖ్యలు దాచుకోవాల్సి వస్తే ఆధార్ జారీ చేసే యూఐడీఏఐ చెప్పిన డేటా వాల్ట్ వేరే జోన్‌లో ఉండాలి, ఎన్‌క్రిప్షన్ తాళాలు హెచ్ఎస్ఎంలో (వాటిని భద్రపరిచే ప్రత్యేక పరికరంలో) ఉండాలి, మిగతా పట్టికల్లో రిఫరెన్స్ కీ తప్ప సంఖ్య కనబడకూడదు.

సమయం, లాగ్‌లు

దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, సైబర్ ఘటనను గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, గడియారాలను ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైమ్ సర్వర్లతోగాని, వాటిని అనుసరించే సర్వర్లతోగాని కలపాలి. సగటున సెకనుకు 300 అభ్యర్థనలు, ఒక్కోటి 500 బైట్లు, 8 గంటలు అనుకుంటే రోజుకు 4.3 జీబీ, 180 రోజులకు సుమారు 780 జీబీ. ఫైర్‌వాల్, సిస్టమ్ లాగ్‌లు కలుపుకుని 2 టీబీ పెట్టండి. సర్వర్లలో లాగ్‌లకు వేరే పార్టిషన్ ఉండాలి, రూట్ పార్టిషన్ నిండితే సర్వర్ లాగిన్ కూడా ఇవ్వదు. ఆధార్, ఫోన్ నంబర్లు లాగ్‌లో పడకుండా కోడ్ దశలోనే ఆపండి.

విడుదల

బయటికి తెరవడానికి ముందు సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన ఆడిటర్ చేత భద్రతా తనిఖీ పూర్తవ్వాలి. మొదటి నివేదిక, సరిదిద్దడం, రెండో తనిఖీ అన్నిటికీ కలిపి షెడ్యూల్‌లో ఆరు వారాలు ఉంచండి. తనిఖీ తర్వాత కోడ్ మారిస్తే ఆ పత్రం మారిన భాగానికి వర్తించదు.

పాత వ్యవస్థ నుంచి మారేటప్పుడు డీఎన్ఎస్ టీటీఎల్‌ను (చిరునామాను గుర్తుంచుకునే వ్యవధి) రెండు రోజుల ముందే 300 సెకన్లకు దించండి. మొదట ఒక మండలం, తర్వాత ఒక జిల్లా. విడుదలకు మంగళవారం లేదా బుధవారం సాయంత్రం 7 తర్వాత మంచిది. సోమవారం కలెక్టరేట్లలో అర్జీల రోజు, శుక్రవారం పెడితే శనివారం చూసేవారుండరు. ఒక్కో సర్వర్‌ను లోడ్ బ్యాలెన్సర్ నుంచి తప్పించి, నడుస్తున్న పనులు ముగిశాక మార్చి, మళ్లీ చేర్చండి. డేటాబేస్‌లో కొత్త కాలమ్ ముందు చేర్చాలి, పాతది తీయడం తర్వాతి విడుదలలో. అప్పుడే తప్పు దొర్లితే పాత కోడ్‌కు వెనక్కి వెళ్లగలం.

డీఆర్

రెండో సైట్ ఒకే తుపాను, ఒకే వరద తాకలేనంత దూరంలో ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నంలో కరెంటునూ ఫోన్లనూ కలిపి పడగొట్టింది, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. కోస్తాలో ప్రధాన కేంద్రం ఉంటే డీఆర్ కూడా కోస్తాలోనే పెట్టడం సరికాదు. ఎన్ఐసీ జాతీయ డేటా సెంటర్లు హైదరాబాద్, పుణె, ఢిల్లీ, భువనేశ్వర్‌లలో ఉన్నాయి. హైదరాబాద్‌లో ప్రధాన కేంద్రం ఉన్న తెలంగాణ శాఖలు అదే నగరంలోని మరో భవనాన్ని డీఆర్ అనుకోకూడదు.

లింక్ లెక్క ఇలా వేయండి. రోజుకు 20 జీబీ డేటాబేస్ మార్పులు, 36 జీబీ ఫైళ్లు, 8 గంటల్లో పంపాలంటే సగటున 16 ఎంబీపీఎస్ కావాలి. రద్దీ వేళకు మూడింతలు అనుకుంటే 50 ఎంబీపీఎస్. ఈ లింక్ తెగితే పంపని మార్పులు ప్రధాన డేటాబేస్ డిస్క్ మీద పేరుకుపోతాయి. రెప్లికేషన్ స్లాట్‌కు (పంపని మార్పులను ఆపి ఉంచే ఏర్పాటు) పరిమితి పెట్టకపోతే డిస్క్ నిండి ప్రధాన సర్వరే ఆగుతుంది. మూడు రోజుల సెలవులకు 60 జీబీ చాలు. పరిమితి 100 జీబీ, పార్టిషన్ 200 జీబీ ఉంచండి, 50 జీబీ దాటగానే ఫోన్‌కు హెచ్చరిక వచ్చేలా చేయండి.

ఆరు నెలలకొకసారి నిజంగా డీఆర్‌కు మారి, ఒక పూర్తి పనిదినం అక్కడి నుంచే నడపండి. ఆ రోజు మూడు విషయాలు చూడాలి: ఓటీపీ వస్తోందా, సంతకం సరిచూడగలుగుతున్నామా, డేటాబేస్‌లో నమోదైన జోడింపు ఫైళ్లు నిజంగా అక్కడికి చేరాయా. తిరిగి రావడానికి వేరే ప్రణాళిక రాసుకోవాలి. డీఆర్‌లో ఆ రోజు జారీ అయిన పత్రాలు ప్రధాన కేంద్రానికి చేరేదాకా అక్కడి పాత డేటాబేస్‌ను ఎవరూ ప్రారంభించకుండా సర్వీసును డిసేబుల్ చేసి, 5432 పోర్టును ఫైర్‌వాల్‌లో మూసి ఉంచండి. రెండు చోట్లా ఒకేసారి రాతలు పడితే ఒకే ధ్రువపత్రం నంబరు ఇద్దరికి వెళ్తుంది, దాన్ని విడదీయడానికి ఏ టూల్ లేదు.